పార్స్ చేసిన సోర్సు ఫైళ్లకు కాష్ క్లాసు: కట్టడం, పరీక్షించడం

సోర్సు ఫైలును పార్స్ చేసి (కోడు నిర్మాణాన్ని విడదీసి చదివి), వచ్చిన సింటాక్స్ చెట్టును (ఆ నిర్మాణాన్ని చూపే చెట్టును) కాష్‌లో దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవడం పైకి పది లైన్ల పనిలా కనిపిస్తుంది. ఒక డిక్షనరీ, అందులో ఫైలు పేరు, దానికెదురుగా చెట్టు. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఫైలు మార్చినా పాత జవాబే వస్తుంది. ఒక పనిముట్టు చెట్టులో ఏదో మారిస్తే ఇంకో పనిముట్టు రిపోర్టు తప్పుతుంది. మెమరీ పెరుగుతూనే ఉంటుంది. వీటిలో మొదటి తిప్పకు మూలం ఇది: చెట్టును ఫైలు పేరుకి కట్టేయడం. దాచిన చెట్టు ఫలానా బైట్లకు సంబంధించింది, పేరుకి కాదు. కింద చెప్పే క్లాసు మొత్తం ఈ మాట మీదే నిలబడుతుంది. భాష పైథాన్, పార్సరు దాంతోపాటే వచ్చే ఏఎస్‌టీ మాడ్యూలు. వేరే భాషలో కట్టేవాళ్లకీ ఆలోచన ఇదే.

ఉదాహరణకి గోదావరి డెల్టా నీటి లెక్కలు చేసే ప్రోగ్రాములున్న ఫోల్డరు అనుకుందాం. ధవళేశ్వరం తలుపుల నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి నీళ్లు వెళ్తాయి కాబట్టి మూడు సబ్‌ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో ఆయకట్టు, కాలువ ప్రవాహం, దాళ్వా (రబీ పంట) నీటి వంతులు లెక్కగట్టే ఫైళ్లు. వీటి మీద మూడు పనిముట్లు నడుస్తాయి. ప్రతి ఫంక్షన్‌కీ యూనిట్ రాశారా లేదా, అది క్యూసెక్కులా ఎకరాలా అని చూసేది ఒకటి. ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో పటం గీసేది రెండోది. డాక్యుమెంటేషన్ తయారుచేసేది మూడోది. కాష్ లేకపోతే ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ అదే ఫైలు మూడుసార్లు పార్స్ అవుతుంది, దాంతోపాటు మారని ఫైళ్లు కూడా.

ముందుగా పేర్ల సంగతి

పైథాన్ 3లో వేరియబుల్, క్లాసు, ఫంక్షన్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఇక్కడ అలాగే పెడుతున్నాం: ఒక్కో ఫైలు పార్స్ ఫలితాన్ని పట్టుకునేది «పత్రం», వాటన్నిటినీ చూసుకునే క్లాసు «పత్రకోశం». ఒక్క జాగ్రత్త. పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలవకుండా కీబోర్డులు పెట్టే కనిపించని సున్నా వెడల్పు అక్షరం పైథాన్ పేర్లలో చెల్లదు. «కాష్» తర్వాత దాన్ని పెట్టి «డబ్బా» అని రాస్తే కంటికి పేరు బాగానే ఉంటుంది, పైథాన్ మాత్రం సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అలాంటి పేర్ల మధ్య అండర్‌స్కోర్ పెట్టండి, లేదా ఆ పేరే మార్చండి.

అడుగు 1: పత్రంలో ఏముండాలి

పత్రం అనే చిన్న క్లాసులో ఇవి ఉంచండి: ఫైలు ముడి బైట్లు, వాటి ముద్ర, చెట్టు, లైన్ల పట్టిక, పార్స్ కాకపోతే దోషం వివరం. ఫైలు దారిని ఇందులో పెట్టకండి. తూర్పు, మధ్య, పశ్చిమ ఫోల్డర్లు మూడింట్లోనూ యూనిట్ల ఫైలు ఒకే కాపీ అయితే ఒకే పత్రం మూడింటికీ సరిపోవాలి. ఖాళీ ఇనిట్ (__init__.py) ఫైళ్లన్నీ ఇలాగే ఒక్క పత్రంలో సర్దుకుంటాయి. దోషం చూపించేటప్పుడు ఫైలు పేరు కావాలంటే అడిగినవాళ్ల దగ్గర అది ఎలాగూ ఉంటుంది.

ముద్ర అంటే బైట్ల హ్యాష్, అంటే ఆ బైట్ల నుంచి లెక్కగట్టే పొట్టి గుర్తింపు సంఖ్య. షా-256 గానీ, హ్యాష్‌లిబ్‌లోని బ్లేక్2బీ గానీ వాడండి. బ్లేక్2బీకి 16 బైట్ల పొడవు అడిగితే చాలు. పైథాన్ సొంత హ్యాష్ ఫంక్షన్ మాత్రం వద్దు. అక్షరాలకూ బైట్లకూ అది ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ వేరే విలువ ఇస్తుంది, కాబట్టి డిస్కులో దాచినది మర్నాడు దొరకదు.

ఒక్క బైట్లకే ముద్ర వేస్తే చాలదు. అవే బైట్లు వేరే పార్సరు చేతిలో వేరే చెట్టవుతాయి. పైథాన్ 3.8లో సంఖ్యలకూ అక్షరాలకూ ఉన్న పాత నోడ్ల (చెట్టులోని ముడుల) స్థానంలో ఒకే కాన్‌స్టెంట్ నోడ్ వచ్చింది. అందుకని ముద్ర వేసేటప్పుడు బైట్లకు ముందు ఈ నాలుగూ కలపండి: పైథాన్ వెర్షను మొదటి రెండు సంఖ్యలు (3.12 లాంటివి), పార్స్ మోడ్, టైప్ కామెంట్లు అడిగామా లేదా, మీ క్లాసు ఫార్మాటు సంఖ్య. ఒక్కోదాని మధ్య సున్నా బైటు పెట్టండి. అది లేకపోతే «3.1» పక్కన «2» వచ్చినా, «3.12» పక్కన ఏమీ లేకపోయినా ఒకే వరుస అయిపోతుంది.

బైట్లనే పార్సరుకి ఇవ్వండి. ముందే డీకోడ్ చేసి ఇస్తే ఫైలు మొదట్లో రాసిన ఎన్‌కోడింగ్ మాట, నోట్‌ప్యాడ్ పాత వెర్షన్లు పెట్టే బీఓఎం (ఫైలు మొదట్లోని కనిపించని) గుర్తు మీరే చూసుకోవాల్సి వస్తుంది. బైట్లిస్తే పార్సరే చూసుకుంటుంది.

అడుగు 2: ఫైలు మారిందో లేదో తెలుసుకోవడం

అసలు కష్టం ఇక్కడుంది. నెమ్మదిగా చదవండి.

ప్రతిసారీ ఫైలు మొత్తం చదివి హ్యాష్ చేస్తే తప్పు జరగదు. ఫైళ్లు వందల్లో ఉంటే అదే చేయండి, ఈ అడుగులో చెప్పే చాకచక్యం ఏదీ అక్కర్లేదు. వేలల్లో ఉన్నప్పుడు, లేదా ఫైళ్లు నెట్‌వర్క్ డ్రైవులో ఉన్నప్పుడు మాత్రం స్టాట్ సమాచారంతో (ఫైలు గురించి ఆపరేటింగ్ సిస్టం చెప్పే వివరాలతో) ముందు వడపోయాలి. మార్పు సమయం నానోసెకన్లలో, సైజు, ఐనోడ్ సంఖ్య (డిస్కు మీద ఫైలుకుండే గుర్తింపు సంఖ్య): ఈ మూడింటినీ కలిపి «గుర్తు» అందాం. పైథాన్ తన పీవైసీ (కంపైల్ చేసి దాచుకునే) ఫైళ్లకు చేసేదీ ఇంచుమించు ఇదే. వాటి 16 బైట్ల హెడరులో మొదటి 4 వెర్షను గుర్తు, తర్వాతి 4 ఫ్లాగులు, ఆ తర్వాత 4 సోర్సు మార్పు సమయం, చివరి 4 సోర్సు సైజు. ఈ పద్ధతికి లోటుందని తెలిసే 3.7లో హ్యాష్ మీద ఆధారపడే పీవైసీలు కూడా తెచ్చారు.

ఆ లోటు ఏమిటో దాళ్వా వంతుల ఫైల్లో తేటగా కనిపిస్తుంది. ఒక కాలువకి వంతు 7 రోజులని ఉన్నదాన్ని 9 చేశారు. ఒక అంకె పోయి ఒక అంకె వచ్చింది, సైజు మారలేదు. ఎడిటరు అదే ఫైల్లోకి రాస్తే ఐనోడూ మారదు. ఇక మిగిలింది మార్పు సమయం. కాలేజీ ల్యాబుల్లో తిరిగే పెన్‌డ్రైవులు కొన్ని ఫ్యాట్32 ఫార్మాటులో ఉంటాయి, అందులో మార్పు సమయం 2 సెకన్లకోసారి మాత్రమే కదులుతుంది. ఆ రెండు సెకన్ల లోపలే పార్స్ చేసి, వెంటనే అంకె మారిస్తే గుర్తు పాతదే, లోపల వంతు కొత్తది. కాష్ ధైర్యంగా 7 అనే చెబుతుంది, ఫైలు మళ్లీ ముట్టుకునేదాకా అలాగే చెబుతూ ఉంటుంది.

దీనికి మందు: ఫైలు చదివిన క్షణానికి దాని మార్పు సమయం 2 సెకన్లకు మించి పాతది కాకపోతే ఆ గుర్తును నమ్మకండి. పత్రాన్ని దాచండి, గుర్తు పక్కన «నమ్మదగినది కాదు» అని రాసుకోండి. మళ్లీ అడిగినప్పుడు బైట్లు చదివి ముద్ర సరిపోల్చండి. చదవడం, హ్యాష్ చేయడం రెండూ పార్స్ కంటే చాలా చవక.

ఇంకో రెండు నియమాలు. గుర్తు «పెద్దదా» అని చూడకూడదు, «వేరేదా» అని చూడాలి. సమయాలు చెదరకుండా కాపీ చేసినప్పుడు, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చినప్పుడు కొత్తగా వచ్చిన ఫైలుకి పాత సమయం ఉంటుంది. రెండోది వరుస: ముందు స్టాట్, తర్వాత చదవడం. ఈ రెంటి మధ్యలో ఎవరైనా ఫైలు మారిస్తే పాత గుర్తు పక్కన కొత్త బైట్లు చేరతాయి. తర్వాతిసారి గుర్తు కలవదు, మళ్లీ చదువుతాం, నష్టం లేదు. వరుస తిరగబడితే కొత్త గుర్తు పక్కన పాత బైట్లు ఉండిపోతాయి, ఆ తప్పు ఇక బయటపడదు.

ఇప్పుడు ముఖ్యమైన ఫంక్షన్ రూపం ఇలా ఉంటుంది. రెండు పట్టికలున్నాయని గమనించండి: దారి నుంచి ముద్రకి ఒకటి, ముద్ర నుంచి పత్రానికి ఒకటి.

    చూడు(దారి):
        గుర్తు = స్టాట్(దారి)
        పాతది = దారులు[దారి], ఉంటే
        పాతది ఉండి, దాని గుర్తు ఇదే అయ్యి, నమ్మదగినది అయితే:
            పత్రాలు[పాతది.ముద్ర] ఉంటే అదే తిరిగివ్వు
        బైట్లు = చదువు(దారి)
        ముద్ర = ముద్రవెయ్యి(బైట్లు)
        దారులు[దారి] = గుర్తు, ముద్ర, నమ్మదగినదా
        పత్రాలు[ముద్ర] లేకపోతే:
            పత్రాలు[ముద్ర] = పార్స్(బైట్లు)
        పత్రాలు[ముద్ర] తిరిగివ్వు

ఎడిటరులో ఇంకా సేవ్ చేయని పాఠానికి «పాఠంచూడు» అని ఇంకో ఫంక్షన్ పెట్టండి. అది బైట్లే తీసుకుని ముద్ర దగ్గర నుంచి మొదలవుతుంది. పత్రాలను పేరుతో కాక ముద్రతో దాచినందుకు ఇది దాదాపు ఉచితంగా వస్తుంది.

అడుగు 3: దోషాలను కూడా దాచండి

పార్స్ కాని ఫైలు ఉందంటే మూడు పనిముట్లూ మూడుసార్లు పార్స్ చేసి మూడుసార్లు విఫలమవుతాయి. సింటాక్స్ ఎర్రర్ ఆ బైట్లకు ఖాయమైన ఫలితమే, దాచవచ్చు. అయితే ఎక్సెప్షన్ ఆబ్జెక్టును యథాతథంగా దాచకండి. దాని వెనుక ట్రేస్‌బ్యాక్, ట్రేస్‌బ్యాక్ వెనుక ఫ్రేములు, ఫ్రేముల్లో లోకల్ వేరియబుల్సు అన్నీ మెమరీలో ఇరుక్కుంటాయి. సందేశం, లైను, స్థానం: ఈ మూడే తీసి పత్రంలో రాసి, అడిగినప్పుడు కొత్త ఎక్సెప్షన్ లేపండి.

మెమరీ చాలలేదని, రికర్షన్ లోతు మించిందని వచ్చే ఎర్రర్లు మాత్రం దాచకూడదు. అవి బైట్ల తప్పు కాదు, ఆ క్షణపు పరిస్థితి.

అడుగు 4: చెట్టును ఎవరూ మార్చకుండా

ఏఎస్‌టీ చెట్టును ఎవరైనా మార్చగలరు. నోడ్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే ఉన్న చెట్టులోనే మార్పులు జరుగుతాయి. డాక్యుమెంటేషన్ పనిముట్టు ఫంక్షన్ల వివరణలు తీసేసిన చెట్టును యూనిట్ల పనిముట్టు చూస్తే «ఏ ఫంక్షన్‌కీ యూనిట్ రాయలేదు» అని రిపోర్టు వస్తుంది. తప్పు కాష్‌లో ఉందని ఎవరికీ తట్టదు.

ప్రతిసారీ డీప్‌కాపీ (చెట్టంతటికీ నకలు) ఇద్దామనిపిస్తుంది. వద్దు. డీప్‌కాపీ పైథాన్‌లో రాసినది, పార్సరు సీలో రాసినది. కాపీకే ఎక్కువసేపు పడుతుంది. దానికి బదులు రెండు దారులు పెట్టండి. «చూడు» అందరికీ ఒకే చెట్టు ఇస్తుంది, చదవడానికి మాత్రమే. «మార్చుకోవడానికి» అనేది దాచిన బైట్లను మళ్లీ పార్స్ చేసి, అడిగినవాళ్ల సొంతానికి కొత్త చెట్టు ఇస్తుంది. పరీక్షలు నడిపేటప్పుడు ఆన్ చేసుకునే కాపలా కూడా పెట్టండి: దాచేటప్పుడు ఏఎస్‌టీ డంప్ (చెట్టును పాఠంగా రాసిన రూపం) తీసి దాని హ్యాష్ రాసుకుని, ఇచ్చే ప్రతిసారీ సరిచూడాలి. నిదానం అవుతుంది కాబట్టి పరీక్షలకే.

తల్లి నోడ్ తెలుసుకోవడానికి ప్రతి నోడ్ మీదా «తల్లి» అని అంటించడం చాలామంది చేసే పని. దానివల్ల రెండు చిక్కులు. తల్లి పిల్లను, పిల్ల తల్లిని పట్టుకోవడంతో పత్రాన్ని కాష్ నుంచి తీసేసినా మెమరీ వెంటనే రాదు, చెత్త సేకరణ (వాడని మెమరీని పైథాన్ వెనక్కి తీసుకునే పని) తిరిగేదాకా ఆగాలి. రెండోది ఇంకా దొంగదెబ్బ: చదవడమా రాయడమా అని చెప్పే లోడ్, స్టోర్ నోడ్లను పార్సరు ఒక్కొక్కటే తయారుచేసి చెట్టంతటా పంచుతుంది. దానికి అంటించిన తల్లి ప్రతిసారీ చెరిగి చివరి తల్లే మిగులుతుంది. తల్లుల పట్టిక పత్రంలో విడిగా, అడిగినప్పుడే కట్టండి. అందులోకి లోడ్, స్టోర్ నోడ్లను చేర్చకండి.

అడుగు 5: లైన్ల పట్టిక, తెలుగు అక్షరాలు

చెట్టులోని నోడ్ చెప్పే కాలమ్ యూటీఎఫ్-8 బైట్ల లెక్క. తెలుగు కోడ్‌పాయింటు (యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికో, గుణింతం గుర్తుకో ఉండే సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు. ఈ లైను చూడండి:

    పేరు = "గోదావరి"; కొలత = 5

«కొలత» ఎక్కడ మొదలవుతుంది? ముందున్న తెలుగు కోడ్‌పాయింట్లు «పేరు»లో 4, «గోదావరి»లో 7, మొత్తం 11. ఖాళీలు, గుర్తులు కలిపి 7. కోడ్‌పాయింట్లలో స్థానం 18, బైట్లలో 33 కలిపి 7, అంటే 40. నోడ్ 40 అంటుంది. దాన్ని నేరుగా స్ట్రింగు మీద వాడితే లైను చివర దాటిపోతుంది, ఎడిటరులో తప్పు చూపే ఎర్ర గీత ఎక్కడో పడుతుంది. సరైన పద్ధతి: ఆ లైను బైట్లలో మొదటి 40 కోసి, డీకోడ్ చేసి, పొడవు చూడండి. 18 వస్తుంది.

సింటాక్స్ ఎర్రర్ ఇచ్చే స్థానం మళ్లీ వేరు. అది 1 నుంచి మొదలై కోడ్‌పాయింట్లలో ఉంటుంది. నోడ్ ఇచ్చేది 0 నుంచి, బైట్లలో. రెంటినీ పత్రంలోనే ఒకే కొలతలోకి మార్చి ఇస్తే పైవాళ్లెవరూ తడబడరు.

లైన్లుగా కోసేటప్పుడు స్ట్రింగు స్ప్లిట్‌లైన్స్ వాడకూడదు. ఫామ్‌ఫీడ్, యూనికోడ్ లైన్ సెపరేటర్ లాంటి వాటి దగ్గర కూడా అది కోస్తుంది, పైథాన్ పార్సరు కొయ్యదు. ఆ గుర్తు ఒక్కటి ఫైల్లో ఉన్నా అక్కడి నుంచి లైన్లన్నీ ఒకటి చొప్పున జరిగిపోతాయి. బైట్ల మీద స్ప్లిట్‌లైన్స్ కొత్త లైను గుర్తుల దగ్గర మాత్రమే కోస్తుంది, అదే వాడండి. ఫైలు యూటీఎఫ్-8 కాకపోతే డీకోడ్ చేసి యూటీఎఫ్-8లోకి మార్చాకే ఈ పట్టిక కట్టాలి.

అడుగు 6: మెమరీ హద్దు, తాళాలు

పైథాన్‌తో వచ్చే ఎల్ఆర్‌యూ కాష్ అలంకారం (డెకరేటర్) ఇక్కడ సరిపోదు. ఫైలు మారిందో లేదో అది చూడదు, ఎక్సెప్షన్లు దాచదు, మెథడ్ మీద పెడితే ఆబ్జెక్టునే పట్టుకుని వదలదు. ఆర్డర్డ్‌డిక్ట్ చాలు: వాడిన పత్రాన్ని చివరికి జరపండి, హద్దు దాటితే ముందు నుంచి తీసేయండి. హద్దును పత్రాల సంఖ్యలో కన్నా సోర్సు బైట్ల మొత్తంలో పెట్టడం మేలు. జాబితాలతో నిండిన ఒక్క పెద్ద ఫైలు వంద చిన్న ఫైళ్లంత మెమరీ తింటుంది. 8 మెగాబైట్ల సోర్సుతో మొదలుపెట్టి, మెమరీ కొలిచే మాడ్యూలు ట్రేస్‌మాలక్‌తో అసలు ఖర్చు కొలిచి సర్దుకోండి. చెట్టు సోర్సుకి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి ఈ కొలత దాటవేయకండి.

థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు) ఉంటే రెండు రకాల తాళాలు కావాలి. పట్టికలకు ఒక తాళం, అది క్షణం సేపే పట్టుకోవాలి. పార్స్ చేయడానికి ఒక్కో ముద్రకి ఒక్కో తాళం. పట్టిక తాళం పట్టుకునే పార్స్ చేస్తే మిగతా అందరూ ఆగిపోతారు. ముద్ర తాళం దొరికాక పట్టికను ఇంకోసారి చూడటం మర్చిపోకండి, మీరు ఆగిన సమయంలో ఇంకో థ్రెడ్ పని పూర్తిచేసి ఉండవచ్చు.

అడుగు 7: డిస్కులో ఏం దాచాలి

చెట్టును పికిల్ చేసి (పైథాన్ ఆబ్జెక్టును బైట్లుగా మార్చి) డిస్కులో పెట్టడం అందరికీ మొదట తట్టేది. మా సలహా: చెట్టు పెట్టకండి. పికిల్ నుంచి చెట్టును తిరిగి లేపడం చాలా సందర్భాల్లో పార్స్ చేయడం కన్నా వేగంగా ఉండదు, మీ ఫైళ్ల మీదే కొలిచి చూడండి. కూడికలు వందలకొద్దీ గొలుసుగా ఉన్న ఒక్క లైను వల్ల చెట్టు లోతు పెరిగి పికిల్ రికర్షన్ హద్దుకి తగులుతుంది. పైగా పికిల్ ఫైలు తెరవడమంటే అందులోని కోడు నడపడమే. ల్యాబులో అందరూ రాయగలిగే ఫోల్డర్లో అది ఉంచడం ప్రమాదం.

చెట్టు నుంచి తీసిన సారాన్ని దాచండి: ఫంక్షన్ల పేర్లు, లైన్లు, యూనిట్లు, ఎవరు ఎవరిని పిలుస్తారు. జేసన్‌లో చిన్నగా ఉంటుంది, త్వరగా తెరుచుకుంటుంది. పైథాన్ ప్రాసెసుల మధ్య పంపడానికి కూడా ఇదే తేలిక. ఫైలు పేరు హెక్స్ రూపంలో (0–9, a–f) రాసిన ముద్రే, దాని మొదటి రెండు అక్షరాలు సబ్‌ఫోల్డరు. అలా 256 సబ్‌ఫోల్డర్లలో సర్దుకుంటాయి.

వేసవి గాలివానకో, తుఫానుకో డెల్టా ఊళ్లలో కరెంటు చెప్పకుండా పోతుంది. డెస్క్‌టాప్‌కి ఇన్వర్టరు లేకపోతే సగం రాసిన ఫైలు మిగులుతుంది. అందుకని అదే ఫోల్డర్లో తాత్కాలిక పేరుతో రాయండి, ఫ్లష్ చేసి ఎఫ్‌సింక్ (రాసినది నిజంగా డిస్కుకి చేర్చే ఫంక్షన్) పిలవండి, అప్పుడు ఓఎస్ రీప్లేస్‌తో అసలు పేరుకి మార్చండి. తాత్కాలిక ఫైలు వేరే డ్రైవులో ఉంటే ఈ మార్పు ఒక్క దెబ్బలో జరగదు. ఎఫ్‌సింక్ మానేస్తే పేరు కొత్తదై లోపల ఖాళీగా మిగిలే అవకాశం ఉంది. ఫైలు మొదట్లో జేసన్ భాగం పొడవు, దాని హ్యాష్ రాయండి. తెరిచినప్పుడు కలవకపోతే, జేసన్ విప్పుకోకపోతే, కారణమేదైనా సరే అది లేనట్టే లెక్క: తీసేసి మళ్లీ పార్స్ చేయాలి. పాడైన కాష్ ఫైలు వల్ల పనిముట్టు ఆగిపోకూడదు.

అడుగు 8: పరీక్షలు

వీటిని రాయకుండా క్లాసును ఎవరి చేతికీ ఇవ్వకండి. పార్స్ ఎన్నిసార్లు జరిగిందో లెక్కించే మీటరు పెట్టి ఒక్కో పరీక్షలో ఆ అంకెను సరిచూడండి.

- వంతు 7ని 9గా మార్చి, ఓఎస్ యుటైమ్‌తో పాత సమయమే తిరిగి పెట్టండి. ఫైలు మార్పు సమయం ఇప్పటిదైతే కొత్త అంకె రావాలి. పదేళ్ల కిందటి సమయం పెడితే పాతదే వస్తుంది, స్టాట్‌ను నమ్మడానికి ఇచ్చే ధర అది. ఆ ధర ఒప్పుకోలేని చోట ఎప్పుడూ హ్యాష్ చేసే మోడ్ ఆన్ చేసుకునేలా క్లాసులో ఒక స్విచ్చి ఉండాలి.
- మారిన ఫైలు మీద బ్యాకప్ నుంచి పాత కాపీని, పాత సమయంతో సహా పెట్టండి. పాత పాఠానికి తగ్గ జవాబు రావాలి. ఆ పత్రం కాష్‌లో ఇంకా ఉంటే పార్స్ మీటరు కదలకూడదు.
- ఫైలు చెరిపితే «దొరకలేదు» అని రావాలి, దాచిన పత్రం రాకూడదు.
- బ్రాకెట్ మూయని ఫైలును మూడుసార్లు అడగండి: మూడు దోషాలు, ఒక్క పార్స్. బ్రాకెట్ మూసి అడిగితే చెట్టు రావాలి.
- రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకే ఫైలు అడిగితే మీటరు 1 దగ్గరే ఉండాలి.
- డిస్కు ఫైలును సగానికి కోసి, మరొకదాన్ని సున్నా బైట్లు చేసి, ఇంకోదాంట్లో ఒక్క బైటు మార్చి అడగండి. మూడు చోట్లా సరైన జవాబు, తెర మీద ఎర్రర్ ఏదీ లేకుండా.
- విండోస్‌లో సేవ్ చేసిన కాపీ, లినక్స్‌లో సేవ్ చేసిన కాపీ పక్కపక్కన పెట్టండి. లైను చివరి గుర్తులు వేరు కాబట్టి ముద్రలు వేరవుతాయి, పార్స్ రెండుసార్లు అవుతుంది. ఇది సరైనదే. ముద్ర వేసే ముందు లైను చివరలను సమం చేయాలని ప్రయత్నించకండి, పత్రంలో దాచిన బైట్లకీ ఫైల్లోని బైట్లకీ పొంతన పోతుంది.

పనిలో పెట్టాక దొరికినవి, దొరకనివి, మారినవి, తీసేసినవి అని నాలుగు అంకెలు రోజూ రాసుకోండి. «తీసేసినవి» అంకె «దొరకనివి»తో సమానంగా పెరుగుతుంటే మెమరీ హద్దు చిన్నదైంది. ఎవరూ ఫైళ్లలో ఏమీ మార్చని రోజున కూడా «మారినవి» పెరుగుతుంటే ఏదో స్క్రిప్టు ఫైళ్లను ఊరికే తిరగరాస్తోంది. సేవ్ చేసినప్పుడల్లా నడిచే ఫార్మాటరును ముందు చూడండి.